వానలు వెళ్లిపోయాయా, లేదా? బరంపురం వైపు శరత్కాలం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

వినాయకుడి నిమజ్జనాలు అయిపోయిన దగ్గర్నించి దీపావళి దాకా మా చుట్టాలు, స్నేహితులు, పక్కవీధి పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ప్రతి ఏడాదీ ఇవే. మాది ఒడిశాలో గంజాం జిల్లా, బాహుదా ఏటి పక్కన ఊరు, ఇంట్లో తెలుగు బజార్లో ఒడియా, ఇచ్ఛాపురం దాటితే ఆంధ్రా. నేను సైంటిస్టుని కాదు, పొద్దున్నే పొలం గట్టు మీద నడిచే అలవాటు ఉంది, చూసింది నోట్ బుక్ లో రాసుకునే అలవాటు ఉంది, అంతే. ఒక్కోసారి ఫోన్ లో చెప్పడం కుదరట్లేదని ఇక్కడ రాసి పెడుతున్నా.

అసలు మనకి శరత్కాలం ఎప్పుడు మొదలైనట్టు?

ఎవర్ని అడిగారో దాన్ని బట్టి ఉంటాది. పంతులు గారిని అడిగితే ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి అంటారు, అంటే దేవీ నవరాత్రులు మొదలైన రోజు. భూగోళం మాస్టారిని అడిగితే సెప్టెంబర్ 22 లేదా 23, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. వాతావరణ శాఖ వాళ్లకి ఋతుపవనాలు వెనక్కి పోవడం లెక్క, అది పశ్చిమ రాజస్థాన్ లో సెప్టెంబర్ 17కి మొదలై అక్టోబర్ 15కి దేశం మొత్తం ఖాళీ అవుతాది అని వాళ్ల మామూలు తేదీలు. 2020లో ఈ తేదీలు మార్చారు, అంతకుముందు సెప్టెంబర్ 1 అనేవారు, చూడండి పదహారు రోజులు వెనక్కి జరిగింది. మా వైపు దాకా వచ్చేసరికి అక్టోబర్ రెండో వారం అయిపోద్ది.

మా అమ్మ లెక్క ఇంకోటి. రాత్రి నింపి పెట్టిన స్టీలు బకెట్టులో నీళ్లు పొద్దున్న ఒంటి మీద పోసుకుంటే ఏ రోజు "అబ్బా" అనిపించిందో ఆ రోజు. ఇది ప్రతి ఏడూ కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పౌర్ణమి చుట్టుపక్కలే వస్తాది, నేను పదకొండేళ్లుగా రాసుకుంటున్నా.

సినిమాల్లో లాగా ఆకులు ఎర్రబడి రాలవేంటి మనకి?

ఇది పాఠ్యపుస్తకాల తప్పు అంటాను నేను. ఆటమ్ అనే మాటని "ఆకురాలు కాలం" అని రాసేసి పిల్లల చేత బట్టీ పట్టించారు. చలిదేశాల్లో చలికి ముందు ఆకు రాలతాది. మన చెట్లకి భయం చలి గురించి కాదు, నీళ్ల గురించి. నేలలో తడి తగ్గిపోయే మాఘం, ఫాల్గుణంలో, అంటే శిశిరంలో రాలతాయి మన టేకులూ బూరుగులూ. అక్టోబర్ లో మా మహేంద్రగిరి వైపు చూడండి, ఏడాది మొత్తంలో అంత పచ్చగా ఎప్పుడూ ఉండదు, కళ్లు నొప్పెట్టేంత పచ్చ. కాబట్టి శరత్తుని చెట్టు మీద వెతక్కండి. గాలిలో, గడ్డిలో, చప్పుళ్లలో వెతకండి.

వానలు నిజంగా వెళ్లిపోయాయని ఎలా తెలుస్తాది? ఫోన్ లో చూపించేది నమ్మొచ్చా?

ఎక్కువమంది అడిగేది ఇదే, వడియాలు పెట్టుకునే వాళ్ల దగ్గర్నించి ఇంటి స్లాబు వేయించుకునే వాళ్ల దాకా.

ముందు నా తెలివితక్కువ చెప్తాను. ఒక ఏడాది సెప్టెంబర్ ఆఖరున వరసగా నాలుగు రోజులు ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది, ఫోన్ లో యాప్ కూడా సున్నా శాతం వాన అని చూపించింది, సరే పోయాయిలే అనుకుని ఇంట్లో ఉన్న బొంతలు, దుప్పట్లు, పరుపు గలీబులు మొత్తం తీసి ఉతికి దడి మీద ఆరేశాను. మధ్యాహ్నం మూడింటికి మొదలైంది, మూడు రోజులు ఆగలేదు. ఆ ముక్క వాసన సంక్రాంతి దాకా పోలేదు, మా అప్ప ఇప్పటికీ ఎవరొచ్చినా చెప్పి నవ్వుతాది.

అప్పట్నించి నేను నీలం ఆకాశాన్ని ఒక్కదాన్నే నమ్మను. మూడు చూస్తాను. ఒకటి గాలి. వానాకాలం అంతా మాకు గాలి నైరుతి నించి, దక్షిణం నించి వస్తాది, బట్టలు తాడు మీద ఉత్తరం వైపు ఊగుతాయి. పొద్దున్న ఆరింటికి అవే బట్టలు దక్షిణం వైపు ఊగడం మొదలెట్టాయి అంటే ఉత్తరం గాలి దిగినట్టు, గోపాలపురంలో సముద్రం మీద చేపలు పట్టే వాడబలిజలు దాన్నే ఈదరగాలి అంటారు. రెండోది మంచు. రాత్రి మబ్బు లేకపోతే నేల వేడి నేరుగా పైకి పోద్ది, గడ్డి చల్లబడి గాలిలో తడి దాని మీద దిగుతాది. బయట పెట్టిన సైకిల్ సీటు పొద్దున్న చేత్తో తుడిస్తే నీళ్లు కారాలి, వరసగా మూడు రోజులు అలా ఉంటే సగం నమ్మొచ్చు. మూడోది కప్పలు. ఆగస్టులో పొలం మొత్తం బెకబెకమని నిద్ర పోనివ్వని కప్పలు ఒక రాత్రి సడన్ గా ఆగిపోతాయి, ఆ ఖాళీలోకి ఇలకోడి వస్తాది, కిర్రు కిర్రు మని. ఆ మొదటి రాత్రి మీకు తెలియకుండానే మెలకువ వస్తాది, ఏదో తక్కువైందే అని.

ఈ మూడూ కుదిరాక కూడా అల్పపీడనం వస్తే వాన పడతాది. అది వేరే సంగతి, కింద చెప్తాను.

కార్తెలు ఇంకా పనికొస్తాయా?

పొలం ఉన్నోళ్లకి వస్తాయి. ఉత్తర కార్తె సెప్టెంబర్ 13 నించి, హస్త 27 నించి, చిత్త అక్టోబర్ 10 అటూ ఇటూ, స్వాతి 24కి. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని తాత అనేవాడు, ఉత్తరలో కూడా వాన లేకపోతే ఇంక గంప నెత్తికెత్తుకుని ఊరొదిలి పోవడమే అని. ఆ భయంలో నిజం ఉంది, మా వరి సరిగ్గా అప్పుడే పొట్ట మీద ఉంటాది, అప్పుడు నీరు లేకపోతే తాలు తప్ప గింజ రాదు. అదే చిత్త, స్వాతి దాటాక వాన పడితే ఈనిన చేను పడుకుంటాది. వాన అదే గానీ పది రోజుల తేడాలో వరం కాస్తా శాపం అయిపోద్ది.

రెల్లు పూస్తే వానలు పోయినట్టేనా?

ఒడియా వాళ్లు కాశతండి అంటారు, అది పూస్తే దుర్గ పూజ వచ్చేసిందని వాళ్లకి గుర్తు. బాహుదా ఇసకలో, ఋషికుల్య ఒడ్డున, రైల్వే లైను పక్కన తెల్లగా కుచ్చుల్లా ఊగుతాది. రైల్లో ఇచ్ఛాపురం నించి బరంపురం వచ్చేప్పుడు కిటికీ దగ్గర కూర్చోండి, ఫ్రీ షో. కానీ ఇది వాన పోయిందని కాదు, ఏరు తగ్గి ఇసక బయటపడిందని చెప్తాది. సెప్టెంబర్ లోనే పూసేసిన ఏళ్లున్నాయి, తరవాత బాగా తడిసి పీచులా అయిపోయిన ఏళ్లూ ఉన్నాయి.

ఇంకో రెండు ఉన్నాయి, వాసన బట్టి పట్టుకోవచ్చు. తెల్లారుజామున కింద రాలిపడే పారిజాతాలు, నారింజ కాడ, తెల్ల రేకులు, ఇక్కడ గంగశివులి అంటారు. రెండోది ఏడాకుల పాల చెట్టు, టౌన్ లో రోడ్ల పక్కన బాగా వేశారు, అక్టోబర్ రాత్రుల్లో దాని వాసన మొదటి రోజు బాగుంటాది, నాలుగో రోజు తలనొప్పి.

తేలుకుంచి కొంగలు వెళ్లిపోతున్నాయి, తేలినీలాపురం కొంగలు వస్తున్నాయి అంటారు. ఒకే ఋతువులో రెండూ ఎలా?

మంచి ప్రశ్న, చాలామంది ఈ రెండు ఊళ్లనీ కలిపేస్తారు. రెండూ మాకు పక్కనే, శ్రీకాకుళం జిల్లా.

తేలుకుంచి ఇచ్ఛాపురం దగ్గర. అక్కడికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తాది, పట్టకారులా. పొలాల్లో నత్తల్ని ఆ ముక్కుతో లాగి తింటాయి. నత్తలు ఎప్పుడుంటాయి, పొలం నిండా నీళ్లున్నప్పుడు. అందుకని జూన్ లో వాన వాసనతో పాటే దిగుతాయి, ఊళ్లో చెట్ల మీద ఇళ్ల మధ్యలోనే గూళ్లు కడతాయి, అవి వస్తే వానలు బాగుంటాయని ఆ ఊరి వాళ్ల నమ్మకం, ఎవరినీ రాయి వెయ్యనివ్వరు. పిల్లలు ఎగరడం నేర్చుకునేసరికి పొలాలు ఆరతాయి, నవంబర్ కి సర్దుకుంటాయి.

తేలినీలాపురం టెక్కలి వైపు. అక్కడికి సెప్టెంబర్, అక్టోబర్ నించి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు రావడం మొదలవుతాది, పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేసరికి పోతాయి. వీటి భోజనం చేపలు. వానలకి నిండిన చెరువులు మెల్లగా తగ్గుతుంటే చేపలు ఒకచోట చేరతాయి, పట్టడం సులువు. ఒకరి హోటల్ మూసే టైముకి ఇంకొకరి హోటల్ తెరుస్తారు, అంతే తేడా.

ఇంకో మాట, "సైబీరియా కొంగలు" అని టీవీల్లో, బోర్డుల మీద కూడా చూస్తుంటాం. నేనూ ఏళ్ల తరబడి అందరికీ అలాగే చెప్పాను. గూడబాతూ ఎర్రకాళ్ల కొంగా మన దేశంలో పుట్టి మన దేశంలో తిరిగే పక్షులే. అసలు ఏ పక్షైనా గూడు కట్టి పిల్లల్ని పెట్టేది దాని సొంతూరు. సైబీరియా నించి చలికి పారిపోయి వచ్చింది ఇక్కడ గూడు కట్టదు, తిని బలిసి వెనక్కి పోయి అక్కడ కడతాది.

మరి నిజంగా దూరం నించి వచ్చేవి ఎక్కడ కనిపిస్తాయి?

చిలికా. మాకు రంభ దగ్గర. 1981లోనే రామ్సర్ జాబితాలోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కిన సరస్సు. బురదలో పొడిచే చిన్న పిట్టలు ఆగస్టు ఆఖరికే వచ్చేస్తాయి, ఎవరూ పట్టించుకోరు. బాతులు అక్టోబర్ రెండో సగం నించి. సూదితోక బాతు, తల మీద రెండు నల్ల చారలుండే బాతు. ఈ చారల తల బాతు మంగోలియా, టిబెట్ వైపు నించి హిమాలయాలు దాటి వస్తాది, 7 వేల మీటర్ల పైన ఎగురుతుంటే రికార్డు చేశారు. ప్రతి జనవరిలో లెక్కపెడతారు, 2024లోనూ 2025లోనూ 11 లక్షలు దాటాయి. అక్టోబర్ లోనే పోయి ఏమీ లేవేంటి అని తిట్టుకోకండి. సరస్సులోని నలబణ దీవి వానాకాలంలో నీళ్లలో మునిగిపోద్ది, అది తేలాకే అసలు సందడి, డిసెంబర్ లో పోండి.

చిలికా దాకా పోలేని వాళ్లు ఇంటి మేడ ఎక్కినా చాలు. బూడిద తెలుపు రంగులో సన్నగా ఉండి తోక టకటకా కిందకీ పైకీ ఊపుతూ పరిగెత్తే పిట్ట ఒకటి సెప్టెంబర్ ఆఖరికి ట్యాంకు దగ్గరకి వస్తాది, వాగ్ టెయిల్. కరెంటు తీగల మీద తోక చీలిన స్వాలోలు వరసగా కూర్చుంటాయి. ఇవీ ఉత్తరం చుట్టాలే.

కోయిల ఎక్కడికి పోయింది? కూయట్లేదు.

ఎక్కడికీ పోలేదు, మీ మామిడి చెట్టులోనే ఉంది, నోరు మూసుకుంది. దాని పని వేసవిలోనూ వానల్లోనూ కాకి గూట్లో గుడ్డు పెట్టడం, ఆ పని అయిపోయాక కూతతో అవసరం లేదు.

దసరాకి పాలపిట్ట నిజంగా కొత్తగా వస్తాదా?

ఏడాది పొడుగునా ఉంటాది. వానలు తగ్గాక కోసిన చేలలో, గట్ల మీద, తీగల మీద కూర్చుని మిడతల కోసం కాపు కాస్తాది కాబట్టి అప్పుడు బాగా కళ్లబడతాది. ఎగిరినప్పుడే ఆ నీలం. తెలంగాణ రాష్ట్ర పక్షి అని అందరికీ తెలుసు, ఒడిశా రాష్ట్ర పక్షి కూడా అదేనని ఇక్కడే పుట్టి పెరిగిన వాళ్లకే తెలియదు, చెప్తే పందెం కాస్తారు. పంజరంలో పెట్టి పది రూపాయలకి చూపించే వాళ్లని మాత్రం ప్రోత్సహించకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, పైగా జిగురు పూసి పట్టిన పిట్ట మళ్లీ సరిగ్గా ఎగరదు.

సాయంత్రం పూట వందల కొద్దీ తూనీగలు తిరుగుతున్నాయి, వాన వస్తాదా?

మా చిన్నప్పుడు అలాగే అనేవాళ్లు, కిందకి ఎగిరితే వాన, పైకి ఎగిరితే ఎండ అని. సెప్టెంబర్, అక్టోబర్ లో పసుపచ్చగా ఉండి ఎక్కడా వాలకుండా తిరిగే తూనీగల సంగతి ఇంకా పెద్దది. వాన గుంటల్లో పుట్టిన ఈ జాతి ఉత్తరం గాలి పట్టుకుని దక్షిణానికి పోద్ది, అక్టోబర్ లో మాల్దీవుల్లో గుంపులుగా దిగుతాది, అక్కడ దానికి గుడ్డు పెట్టడానికి మంచినీటి గుంటే ఉండదు, మరి ఎందుకు ఆగినట్టు? దారిలో ఆగింది, పోయేది ఆఫ్రికా తూర్పు తీరానికి. దీన్ని వివరంగా 2009లో బయటపెట్టారు. పోయిన తూనీగ తిరిగి రాదు, దాని పిల్లలో మనవలో ఋతుపవనాలతో ఇటు వస్తాయి. నాలుగున్నర సెంటీమీటర్ల పురుగు. నాకు భువనేశ్వర్ బస్సెక్కాలంటేనే బద్ధకం.

దీపావళి ముందు ట్యూబ్ లైటు కింద పచ్చ పురుగులు కుప్పలు, అవేంటి?

పచ్చదోమ, వరి పొలంలోంచే వస్తాది. వరండా లైటు ఆపేయండి, లేదా లైటు కింద నీళ్ల పళ్లెం పెట్టండి. మీకు పొలం ఉంటే మాత్రం చిరాకు పడి వదిలెయ్యకుండా పొద్దున్నే దుబ్బు మొదలు వంచి చూడండి, గోధుమ రంగు దోమ ఉంటే అది వేరే, అదే సుడిదోమ, చేను మధ్యలో గుండ్రంగా ఎండిపోద్ది.

నెమలి ఈకలు ఏరుకోవచ్చా?

పకిడి కొండల వైపు చాలామంది అడుగుతారు. ఆగస్టు నించి అక్టోబర్ లోపు మగ నెమలి తోక ఈకలు దానంతట అవే రాలతాయి. రాలినవి తీసుకోవచ్చు, పీకకూడదు, విదేశాలకి పంపకూడదు.

నాగుల చవితికి పాములు ఎక్కువ తిరుగుతాయా?

తిరుగుతాయి, దానికి భక్తితో సంబంధం లేదు. వరి పండుతుంటే ఎలుకలు, ఎలుకల వెనక పాములు. పొద్దున్న చల్లగా ఉంటాది కాబట్టి ఎండ కోసం గట్టు మీదకి, రోడ్డు మీదకి వస్తాయి. కోతలకి దిగే వాళ్లు ముందు కర్రతో దుబ్బు కొట్టండి, రక్తపింజరి కదలదు, ఎండుటాకులా పడుంటాది. కట్లపాము రాత్రి పాము, నేల మీద పడుకునే వాళ్లని కరుస్తాది, నొప్పి కూడా పెద్దగా తెలియదు, పొద్దున్నకి కనురెప్పలు వాలిపోతాయి. మంచం, దోమతెర, ఈ రెండూ ఉంటే చాలా వరకు తప్పుతాది. కరిస్తే కొయ్యొద్దు, బిగించి కట్టొద్దు, మంత్రం దగ్గర టైమ్ పోగొట్టొద్దు, కరిచిన చోటు కదలకుండా పెట్టి బేగి ఆస్పత్రికి.

అక్టోబర్ లోనే తుఫాన్లు ఎందుకు? పక్షులు, పశువులు ముందే పసిగడతాయా?

మా జిల్లాలో ఈ ప్రశ్న సరదాగా ఎవరూ అడగరు. 1999 అక్టోబర్ 17న గోపాలపురం దగ్గర ఒకటి, పన్నెండు రోజులకే పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్. 2013 అక్టోబర్ 12 ఫైలిన్, మళ్లీ గోపాలపురం. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబర్ 12న హుద్ హుద్, విశాఖపట్నం. 2018 అక్టోబర్ 11 తిత్లీ, పలాస దగ్గర తీరం దాటి పర్లాకిమిడి వైపు ఎక్కేసింది, గజపతి జిల్లాలో బరఘర దగ్గర కొండచరియ విరిగి తలదాచుకున్న జనం మీద పడింది.

ఎందుకంటే వానలు పోయే టైముకి సముద్రం ఇంకా వేడిగానే ఉంటాది, జూలై ఆగస్టుల్లో పైనా కిందా వేరే వేరే దిక్కుల్లో వీచి సుడిని చెదరగొట్టే గాలులు అక్టోబర్ కి బలహీనపడతాయి. వేడి ఉంది, అడ్డు లేదు.

పక్షులు పసిగడతాయా అంటే, ఫైలిన్ ముందు రోజు మా వీధిలో కాకులు మామూలుగానే అన్నం కోసం కొట్టుకున్నాయి, అంతకు మించి నాకు కనిపించలేదు. ఆవు తాడు తెంపుకుంటే చూద్దాంలే అని కూర్చోకండి, హెచ్చరిక వచ్చిన రోజే కదలండి. ఫైలిన్ కి ఒడిశాలో దాదాపు పది లక్షల మందిని ముందే తరలించారు, అందుకే ఆ రాత్రి అంత గాలికి కూడా చావులు తక్కువ.

సముద్రపు తాబేళ్లు ఇప్పుడే వచ్చేస్తాయా?

ఒడ్డు మీదకి కాదు, ఒడ్డు దగ్గరి సముద్రంలోకి. అక్టోబర్, నవంబర్ నించి ఋషికుల్య మొగ ఎదురుగా జత కట్టడానికి చేరతాయి, నవంబర్ 1 నించి మే 31 దాకా అక్కడ చేపల వేట నిషేధం. ఒడ్డెక్కి గుడ్లు పెట్టేది ఫిబ్రవరి, మార్చి.

కార్తీకం ఆఖర్న కొంగ కూడా చేప ముట్టదంటారు, నిజమా?

ఒడియా వాళ్ల పంచుక, కార్తీకం చివరి అయిదు రోజులు. బగ పంచుక అని కూడా అంటారు, బగ అంటే కొంగ. ఆ అయిదు రోజులు బరంపురం చేపల బజారు బోసిపోయి ఉంటాది, ఆ సంగతి నిజం. కొంగ సంగతికి వస్తే, ఒక ఏడు పనిగట్టుకుని పంచుక రెండో రోజు పొద్దున్న చెరువు దగ్గర గంటన్నర కూర్చున్నాను. ఒక తెల్ల కొంగ మెడ ముడిచి, కదలకుండా, నిజంగానే ఉపవాసం ఉన్నట్టు నిలబడింది, నమ్మేద్దాం అనుకునేలోపు గుటుక్కున మింగింది. మా పక్కింటి మౌసీకి చెప్తే, అది ఆంధ్రా నించి వచ్చిన కొంగ అయ్యుంటాదిలే అంది.

చలి కావాలి, ఎటు పోవాలి?

కోరాపుట్. అక్టోబర్ ఆఖరి నించి నవంబర్ దాకా కొండ వాలులన్నీ వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టుంటాయి, అరకులో చూసినవే. తేనెటీగల రొద రోడ్డు మీదకి వినిపిస్తాది. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తు, పొద్దున్న పొగమంచు కాళ్ల కింద ఉంటాది. స్వెటర్ లేకుండా పోయి నన్ను తిట్టుకోకండి.

సాయంత్రం అయిదుకే చీకటి పడిపోతోంది, మా ఊళ్లో ఇంత తొందరగా పడదే?

బరంపురం తూర్పుకి ఉంది కదా. నవంబర్ మధ్యకి ఇక్కడ 5:10కే పొద్దు గూకిపోద్ది. మా బావ నాందేడ్ లో ఉంటాడు, తెలుగు వాళ్లే చుట్టూ, గడియారం ఒకటే కానీ పొద్దు అరగంట వెనక. కార్తీక సోమవారం సాయంత్రం ఫోన్ చేస్తే ఇంకా పిల్లలు బయట ఎండలో ఆడుతున్నారు అంటాడు, ఇక్కడ అప్పటికి మా అమ్మ తులసి కోట దగ్గర దీపం పెట్టేసి, గాలికి ఆరిపోకుండా ఉత్తరం వైపు ఇటుక అడ్డం పెడుతూ ఉంటాది.